పోయిందన్న మాట

నర్సమ్మగారి రేడియోను బాగుచేసిన సాయంత్రమే మెకానిక్కు దాన్ని పోగొట్టాడు.

ఆస్పత్రి ఉద్యోగం విరమించాక ఆవిడ తన అక్కతో కలిసి ఉండేది. అక్క పోయాక ఇంట్లో మాట వినిపించేది ఆ రేడియో ఒక్కటే. అది గరగరలాడుతోందని తెచ్చిచ్చింది. మెకానిక్కు ఊడిన తీగ అతికించి, దుమ్ము దులిపి, గొంతు సరిచేశాడు. ఆవిడ ఇల్లు దారిలోనే కదా, తనే ఇచ్చేద్దామని సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. ఫోన్లో బావమరిదితో వాదన పెట్టుకుని, సంచి సీటు కిందే వదిలేసి దిగిపోయాడు. వెనక్కి డిపోకు పరుగెత్తాడు. ఎవరికీ కనబడలేదన్నారు.

మర్నాడు నర్సమ్మగారు కొట్టుకు ఫోన్ చేసింది.

"నాయనా, రేడియో ఏమైంది?"

"పోయిందమ్మా," అన్నాడు మెకానిక్కు. బస్సు సంగతి చెప్పడానికి ధైర్యం కూడదీసుకుంటున్నాడు.

"పోయిందా," అంది ఆవిడ నిదానంగా. "పాతదే కదా. ఎన్నాళ్లని పనిచేస్తుంది పాపం. నువ్వు మాత్రం ఏం చేస్తావులే."

పాడైపోయిందనుకుంది. అతను దిద్దలేదు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

రాత్రి భార్యతో అన్నాడు: "నేను అబద్ధమేం చెప్పలేదు. పోయిందనే అన్నాను."

"ఆవిడ ఏ పోవడం అనుకుందో మీకు తెలీదా?" అంది భార్య, దుప్పటి దులుపుతూ.

రెండు రోజులకు నర్సమ్మగారే కొట్టుకొచ్చింది. ఎప్పటిలాగే బల్ల పక్క కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంది.

"ఆ రేడియో ఇచ్చెయ్యి నాయనా. పలక్కపోయినా ఫర్వాలేదు. అక్క దాని పక్కనే కూర్చునేది."

వెనక అరలో అలాంటిదే పాత రేడియో డొల్ల ఒకటి ఉంది. ఆవిడ అడిగితే ఇచ్చేద్దామని పొద్దున దాన్ని తుడిచి కూడా పెట్టాడు. చెయ్యి అటు వెళ్లబోయి ఆగింది.

"అది పాడవలేదమ్మా. నేనే పారేసుకున్నాను. బస్సులో మర్చిపోయి దిగాను."

"మరి ఫోన్లో..."

"మీరు అలా అనుకున్నారు. నేను ఊరుకున్నాను."

ఆవిడ కొంగు సర్దుకుంది. తర్వాత అడిగింది, "బాగైందా అసలు?"

"అయింది. గొంతు చక్కగా వచ్చింది."

"పాడైందంటే సరేలే అనుకున్నాను. మనసుకు సర్దిచెప్పుకున్నాను కూడా. ఇప్పుడది ఎవరింట్లో మోగుతోందో అనుకుంటూ పడుకోవాలి."

కొత్తది కొనిస్తానన్నాడు. వద్దంది. డిపోలో మళ్లీ అడుగుతానన్నాడు. "అడుగు," అని లేచి వెళ్లిపోయింది. అడిగాడు. ఆ వారమూ, పై వారమూ అడిగాడు. దొరకలేదు.

ఎండలు ముదిరాక నర్సమ్మగారు టేబుల్ ఫ్యాను పట్టుకొచ్చింది. మెకానిక్కుకు ప్రాణం లేచొచ్చింది. గబగబా కుర్చీ తుడిచి వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

"రసీదు రాసివ్వు నాయనా," అంది.

ఇన్నేళ్లలో ఎన్నడూ అడగని మాట. అతను తల వంచుకుని రాశాడు. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి పర్సులో పెట్టుకుని, మెట్లు దిగింది.