లోపలి ఫోన్లకు తాళం

కొంపల్లిలో పక్క వీధి వాళ్ళ గృహప్రవేశం. ఆదివారం కదా, కాలనీ కాలనీ అంతా అక్కడే దిగింది. పులిహోర దగ్గర వరస మెల్లగా కదులుతోంది. చలపతిరావు మాత్రం పళ్ళెం పుచ్చుకోకుండా ఒక మూలకి వెళ్ళి, సెల్లు తీసి, మేడ్చల్లో తన ఆఫీసుకి ఫోన్ కొట్టాడు. అక్కడ ఎత్తడానికి మనిషి లేడు, ఉండనక్కర్లేదు కూడా. అవతల మిషను పలికింది. ఆయన తన రహస్య సంఖ్య నొక్కాడు, ఆ తర్వాత ఇంకో రెండు మీటలు నొక్కాడు. బీప్ మని శబ్దం వచ్చింది. దాంతో అక్కడి గోడౌన్లో ఫోన్లన్నీ మూగపోయాయి.

"అయిందా మీ పూజ?" అంది భార్య పార్వతీదేవి.

"ఇక్కడ నుంచుని అక్కడ తాళం వేశాను. ఎంతమందికి చేతనవుతుందేం?" అన్నాడాయన, పళ్ళెం అందుకుంటూ.

ఆయన గొప్ప ఆయనది. మేడ్చల్ దాటాక హైవే పక్కన కోళ్ళ మాంసం గడ్డకట్టించి నిలవ చేసే కంపెనీలో ఆయన మేనేజరు. అక్కడ కూలి పనికి వచ్చేవాళ్ళు సెల్లు లోపలికి తీసుకుపోకూడదు. ఎవరి గుడ్డసంచిలో వాళ్ళు పెట్టుకుని, గేటు దగ్గర మేకులకి తగిలించి వెళ్ళాలి. సెల్లు పోయాక వాళ్ళు ఊరుకుంటారా? గోడౌన్లో ఉన్న ఇంటర్‌కమ్ ఫోన్లు పట్టుకున్నారు. శామీర్‌పేట చెరువులో చేపలు పడ్డాయా, కోడలు కూర ఏం వండింది, మేక ఈనిందా, ఈ మూల నుంచి ఆ మూలకి ఊరి ముచ్చట్లన్నీ కంపెనీ ఫోన్లోనే. చలపతిరావుకి ఒళ్ళు మండిపోయింది. ఇంటర్‌కమ్ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు, "బయటి నుంచి ఫోన్ చేసి కూడా వీటిని కట్టెయ్యొచ్చు సార్" అని నేర్పి వెళ్ళాడు. ఆ రోజు నుంచీ ఆయనకి అదే ఆట. ఆదివారం ఒక పూట పని. అది అయిపోయే వేళకి ఎక్కడున్నా సరే, ఫోన్ తీసి అన్నిటికీ తాళం వేస్తాడు.

చలిగదుల్లో తలుపు పక్కన గదికొక ఫోను ఉంది. పొరపాటున ఎవరైనా లోపల ఇరుక్కుంటే పిలవడానికి పెట్టినవి అవి. వాటిని విడిగా వదిలిపెట్టాలంటే ఒక్కొక్క దానికీ వేరే మీటలు నొక్కాలి. అంత ఓపిక ఆయనకి లేదు. పని అయిపోయాక చలిగదిలో ఎవరుంటారు అన్నది ఆయన లెక్క.

పులిహోర అయి, గోంగూర దగ్గరికి వచ్చేసరికి సెల్లు మోగింది.

"సార్, నేను సత్తయ్యను, గేటు కాడికెల్లి. పనోళ్లంత ఎల్లిపోయిన్రు. గని ఒక్క సంచి మేకుకు గట్లనే ఉన్నది."

"మర్చిపోయి ఉంటారయ్యా. రేపు తీసుకుంటారు."

"బాలనర్సమ్మది సార్. సంచిల సెల్లు మస్తుసేపటి సంది మోగుతాంది. నేనే ఎత్తిన. ఆమె కొడుకు సాయినాథ్. మా అమ్మ ఇంక రాలేదేందని పరేషానైతాండు." సత్తయ్య గొంతు తగ్గించాడు. "సెల్లు ఇడిసిపెట్టి ఏడికి బోతది సార్? గేటు దాటంగ నేనైతే సూడలే."

చలపతిరావు నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"షెడ్డులో వెతికావా?"

"ఎతికిన సార్. పిలిసిన. ఎవ్వలు లేరు. ఆమె కోటు తీసి కొక్కానికి పెట్టింది. చీపురు మాత్రం జాగల లేదు. చలిగదులకు తాళాలేసి ఉన్నయ్. చెవులు జయకృష్ణ సార్ కాడ ఉన్నయ్, ఆయన ఫోన్ ఎత్తుతలేడు."

జయకృష్ణ సూపర్‌వైజరు. ఆదివారం పని అవగానే సినిమాకి పరిగెత్తే రకం. చీపురు కోసం లోపలికి తిరిగి వెళ్ళిన మనిషిని చూసుకోకుండా తలుపు లాగి తాళం బిగించి ఉంటాడని చలపతిరావుకి వెంటనే తట్టింది.  ఆ గదుల్లో నీళ్ళు పెడితే కాసేపటికి రాయి అవుతాయి. కోటు వేసుకున్న మగాళ్ళే పని మధ్యలో బయటికొచ్చి చేతులు రుద్దుకుంటారు. బాలనర్సమ్మ ఒంటిమీద ఉన్నది చీర ఒక్కటే. దీపం మీట కూడా గది బయటే ఉంది.

"గడ్డపార తీసుకో. తాళం పగలగొట్టు."

"ఏ గదిది సార్? నాలుగున్నయ్. గొలుసులు మస్తు మందం. ఒక్కొక్కదానికి శానసేపు పడ్తది. తలుపు గుద్దిన, లోపటికెల్లి సప్పుడొస్తలేదు."

గోడలు అంత మందంగా కట్టించారు, చలి బయటికి రాకుండా. చలి రానప్పుడు కేకలు మాత్రం ఎలా వస్తాయి?

"లోపల ఫోను ఉంది కదా, అందులోంచి నీకు చెయ్యొచ్చు కదా ఆవిడ," అని విసుక్కోబోయాడు చలపతిరావు. మాట సగంలోనే ఆగిపోయింది. వాటికి తాళం వేసింది తనే. పళ్ళెం పక్కనున్న కుర్చీలో పెట్టేశాడు.

"పార్వతీ, నీ ఫోనివ్వు."

సత్తయ్యని ఒక ఫోన్లో అలాగే ఉంచి, రెండో ఫోన్లోంచి ఆఫీసుకి కొట్టాడు. మిషను పలికింది. "నమస్కారం. మీ రహస్య సంఖ్య నొక్కండి." అది ఆయన గొంతే. మిషనుకి మాటలన్నీ ఆయనే చదివాడు, ఫ్యాను ఆపించి మరీ. ఆ గొంతు విని ఇన్నాళ్ళూ మురిసిపోయిన మనిషి ఇప్పుడు ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాడు. తాళం వేసిన ఫోన్లు ఎత్తినవాళ్ళకి వినబడేదీ ఆ గొంతే. కాస్త కటువుగా ఉండాలని రెండుసార్లు చదివి మరీ ఎక్కించాడు: "ఈ ఫోను వాడటానికి మీకు అనుమతి లేదు. ఫోను పెట్టేయండి."

ఆ చీకట్లో ఆవిడ ఎన్నిసార్లు విన్నదో.

సంఖ్య నొక్కాడు. తప్పు. మొన్ననే మార్చాడు, జయకృష్ణకి తెలిసిపోయిందేమోనన్న అనుమానంతో. ఇందాక సరైనదే నొక్కిన వేలు ఇప్పుడు కంగారులో పాతదానికి పోయింది. మూడుసార్లు తప్పు నొక్కితే మిషను మర్నాటి దాకా ఎవరినీ రానివ్వదు. ఆ నిబంధన పెట్టిందీ ఆయనే.  మార్చింది దేనికి? కారు నంబరు. పాత కారుదా, కొత్త కారుదా? కొత్తది నొక్కాడు. మళ్ళీ తన గొంతే, తాపీగా, తప్పు అంది. పార్వతీదేవి ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఇంకొక్కటే మిగిలింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పాత కారు నంబరు నొక్కాడు.

బీప్ మంది.

ముందు తాళాలన్నీ తీసేశాడు. ఆ తర్వాత మొదటి గది ఫోనుకి కొట్టాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. రెండోది. ఎత్తలేదు. ఒకవేళ ఆవిడ ఎత్తలేని స్థితిలో ఉంటేనో అన్న ఆలోచన వచ్చి, దాన్ని తరిమేసి, మూడోదానికి కొట్టాడు. అవతల ఎత్తారు.

"బాలనర్సమ్మా, నేను చలపతిరావుని."

అటునుంచి పళ్ళు టకటక కొట్టుకునే చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు మధ్యలోంచి మాట కూడదీసుకుని ఆవిడంది: "తప్పయింది సార్. ఇగ ఫోన్ జెయ్య సార్."

పెట్టేసింది.

చలపతిరావు మొదటి ఫోను చెవిన పెట్టుకున్నాడు. తర్వాత సత్తయ్యతో, "మూడో గది. మూడో గది కొట్టు," అన్నాడు. గొలుసు మీద గడ్డపార పడిన చప్పుడు మొదలైంది. చుట్టూ జనం మూగారు. విషయం విని ఎవరో అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నారు. చలిలో మగత కమ్మి కూలబడిన మనిషి మళ్ళీ లేవదని ఏడాదికోసారి ఆఫీసులో చెబుతారు. గొలుసు తెగేదాకా ఆవిడని మేలుకొని ఉంచాలి. ఆయన మళ్ళీ కొట్టాడు. మోగుతోంది. ఫోను వాడొద్దని అంతసేపూ చెప్పిన గొంతే ఇప్పుడు ఎత్తమంటే ఎందుకు ఎత్తుతుంది? ఆయనకి ఏడుపొచ్చింది. ఆయన ఏడవడం పార్వతీదేవి చూసి ఎన్నేళ్ళయిందో.

మోగే ఫోను ఎత్తకూడదని మాత్రం ఆయన ఎక్కడా రికార్డు చేయలేదు. చాలాసేపటికి అవతల ఎత్తిన చప్పుడయింది. ఆయన నోరు తెరవబోయాడు. పార్వతీదేవి చప్పున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టి, ఫోను లాక్కుని, స్పీకరు నొక్కింది.

"బాలనర్సమ్మా, నా పేరు పార్వతమ్మ. వింటున్నావా తల్లీ?"

అటు పళ్ళ చప్పుడే వచ్చింది. తర్వాత, "మనిషివేనా అమ్మా?" అని వినబడింది.

"మనిషినే తల్లీ. భోజనం మధ్యలో లేచొచ్చాను, చెయ్యి కూడా కడుక్కోలేదు. గోంగూర ఎండిపోయింది చేతికి. నువ్వు నుంచున్నావా, కూచున్నావా?"

"కూసున్న. నిద్రొస్తాంది."

"వద్దు, లే. గోడ పట్టుకుని లే. సత్తయ్య బయట గొలుసు కొడుతున్నాడు. వినబడుతోందా?"

దెబ్బ ఈ ఫోన్లో ఖంగుమని, ఆ ఫోన్లో ఎక్కడో దూరంగా దబ్ మని వినబడింది. "ఇనొస్తాంది," అంది బాలనర్సమ్మ.

"కాళ్ళు కదుపుతూ ఉండు. చేతులు చంకల్లో పెట్టుకో, ఫోను భుజానికి నొక్కిపట్టు. ఇంట్లో ఎవరెవరున్నారు?"

"కొడుకు. మా ఆయన. చేపలు వడ్తడు."

"అయితే పులుసు నువ్వే పెడతావుగా. ఏమేం వేస్తావో చెప్పు, నాకు నేర్పు."

"సింతపండు..." ఆగింది. "కొత్తిమీర... ఎల్లిగడ్డ..."

"ముందు ఏది? చింతపండు ఎప్పుడు పొయ్యాలి? పడుకోకు. చెప్పు."

చెప్పిందే చెప్పింది బాలనర్సమ్మ. ఒకసారి చేపలు వెయ్యడమే మర్చిపోయింది. పార్వతీదేవి గుర్తుచేసింది. మాటల మధ్య ఎడం పెరిగిపోతోంది. ఎడం వచ్చినప్పుడల్లా చలపతిరావు నోరు కదిలేది, భార్య తల అడ్డంగా ఊపేది.  ఇంత దూరం నుంచి తాళం వేయగలిగినవాడు ఆ గొలుసుని మాత్రం ఏమీ చేయలేడు. సత్తయ్య రొప్పు వినబడుతోంది. గొలుసులో ఒక లంకె తెరుచుకుందన్నాడు. ఇంకోటి ఉందన్నాడు.

"అమ్మా," అంది బాలనర్సమ్మ, నాలుక మొద్దుబారి. "ఒక్క మాట."

"చెప్పు తల్లీ."

"నేను ఫోన్ జేసిన్నని గా సార్‌కు చెప్పకమ్మా. ఒక్కసారి గాదు, మస్తుసార్లు జేసిన. వద్దంటాండు, అయినా జేసిన. పనిల నుంచి తీసేస్తడు."

చుట్టూ ఉన్నవాళ్ళు చలపతిరావు వైపు చూశారు. పార్వతీదేవి చూడలేదు.

"చెప్పను. ఆయనకి నేను చెప్పను," అంది.

ఖంగుమన్న దెబ్బకి గొలుసు జారిన చప్పుడు, తలుపు లాగిన చప్పుడు, రెండు ఫోన్లలోనూ ఒకేసారి వచ్చాయి. "దొరికింది సార్, పానమున్నది. మీద కోటు కప్పుతాన," అని సత్తయ్య అరుస్తున్నాడు. "సార్, ఇంటున్నరా? ఏం జెయ్యమంటరు సార్? సార్?"

ఆయన వింటూనే ఉన్నాడు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. కానీ సత్తయ్య ఫోను ఆవిడ తల పక్కనే ఉంది. తన గొంతు చెవిన పడితే ఆవిడ మళ్ళీ తప్పయిందని అంటుందేమోనని, చలపతిరావు మాట్లాడకుండా ఆ ఫోను కూడా భార్య చేతికిచ్చాడు.