వాసన లేదు, వాసన పోయింది

మా ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళు నన్ను అడిగే మొదటి మాట వంతెనల గురించి కాదు, పడవల గురించి కాదు. ముక్కు మీద రుమాలు పెట్టుకుని, ఈ కంపుకి మాకేమైనా అవుతుందా అంటారు.

నేను కాలవ ఆఫీసులో సందర్శకుల కౌంటర్లో పనిచేస్తాను. వంతెన దిగగానే మొదటి గది మాదే. కౌంటరు మీద ఫిర్యాదుల రిజిస్టరు తాడుకి కట్టేసి ఉంటుంది. ఎవరు పడితే వాళ్ళు తిరగేసి చదువుకోవచ్చు. నా వెనక గోడకి ఒక కాగితం అంటించారు: "నీటిమట్టం తగ్గినప్పుడు వాసన సహజం. ఆరోగ్యానికి ప్రమాదం లేదు." అడిగినవాళ్ళకి అది చూపించి పంపేయమని అప్పటి సూపర్‌వైజరు చెప్పాడు. ఆరేళ్ళు అలాగే చూపించి పంపేశాను.

ఆ కాగితం పచ్చి అబద్ధమని అనను. సగం నిజం. మిగతా సగం మా బావ చెప్పేవాడు.

బావ అంటే మా అక్క మొగుడు. ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళ కిందా వీధుల కిందా పోయే మూసిన కాలవల్లోకి, అదే తూముల్లోకి, దిగి పూడిక తీస్తాడు. పనిలో అందరూ అతన్ని ముక్కు అని పిలుస్తారు. మూత తీయగానే ఒక్కసారి పీల్చి, కింద ఏం చచ్చిందో, ఎప్పుడు చచ్చిందో చెప్పేసేవాడు. ఇంట్లో అక్క కూర అడుగంటిన సంగతి వీధి మలుపులోనే కనిపెట్టి, బయట తినొచ్చేశానని అబద్ధమాడేవాడు.

బావ లెక్క చాలా తేలిక. ఆకాశం కనబడే చోట కంపు కొడితే ముక్కు మూసుకుని నీ దారిన నువ్వు పో. పైన కప్పున్న చోట కొడితే బయటికి నడువు. కొట్టీ కొట్టీ ఉన్నట్టుండి ఆగిపోయిందా, పరిగెత్తు. ఆగింది కాలవ బాగుపడి కాదు, నీ ముక్కు చచ్చిపోయి. ముక్కు తర్వాత నీ వంతే.

అందుకే తూముల్లో దిగేవాళ్ళకి మూడు మాటలుండేవి. వాసన ఉంది, వాసన లేదు, వాసన పోయింది. "ఉంది" అంటే పడవలో గాలి కొలిచే మెషీనూ, గాలి తోడే పంపూ, మాస్కులూ వెళ్ళాలి. "లేదు" అంటే మొదట్నుంచీ లేదని, పారా మోకూ పట్టుకుని దిగొచ్చు. "పోయింది" అంటే ఉండి ఆగిందని. అప్పుడు మూత వేసేసి, లోపలంతా గాలి మార్చేదాకా ఎవడూ దిగకూడదు. ఈ మాటలు ఏ పుస్తకంలోనూ లేవు. దిగి పైకి రానివాళ్ళ వల్ల పుట్టిన మాటలు.

రిజిస్టర్లో నేనూ అలాగే రాసేదాన్ని. పోయినేడాది ఈ సూపర్‌వైజరు వచ్చాడు. ఒకరోజు రిజిస్టరు తిరగేసి, "పోయింది పోయింది అని ఏంటమ్మా ఇది, ఇంట్లో ఎవరో పోయినట్టు? చూడ్డానికొచ్చినవాళ్ళు చదువుతారు. కాస్త పద్ధతిగా రాయండి. ఉంటే ఉంది, లేకపోతే లేదు" అన్నాడు. ఎర్ర పెన్నుతో నా "పోయింది" అన్న చోటల్లా కొట్టేశాడు. నాకు సిగ్గేసింది. చదువు తక్కువదానివని మొహం మీద అన్నట్టయింది. ఆ రోజు నుంచి పద్ధతిగా రాయడం నేర్చుకున్నాను. నా పద్ధతి మండిపోను.

ఈ వేసవిలో నీళ్ళు బాగా తగ్గాయి. కాలవ ఒడ్డున ఒక లాడ్జి ఉంది. దాని కింద నుంచే తూము పోతుంది. మెట్ల కింద, నీళ్ళ మట్టానికి, చవగ్గా ఇచ్చే గది ఒకటుంది. అందులో ఒక పెద్దావిడ దిగింది. ఎక్కడో టైపింగు నేర్పే పని చేసి రిటైరైందట, ఒక్కతే ఊళ్ళు చూసుకుంటూ తిరుగుతోంది. టీచరమ్మ అనేవాళ్ళం. వచ్చిన రోజు నుంచి పొద్దున్నే కౌంటరు దగ్గర హాజరు. గదిలో కుళ్ళిన కోడిగుడ్డు కంపు అంది. కాగితం చూపించాను. చదివి, "ఇది రాసినాయన ఆ గదిలో ఒక్కరోజు పడుకున్నాడా?" అంది. "వాసన ఉంది" అని రాశాను. రెండో రోజూ రాశాను, మూడో రోజూ రాశాను.

మూడు రోజులైనా ఎవరూ కదల్లేదు. ఎందుకంటే "ఉంది" అని రాస్తే మెషీను పంపాలి. మెషీను రిపేరుకెళ్ళి నెలైంది. మరి తెప్పించండి సార్ అంటే, తెప్పిస్తాం, కొంపలేం మునిగిపోవట్లేదు కదా అన్నాడు సూపర్‌వైజరు.

నాలుగో రోజు పొద్దున్న టీచరమ్మ నవ్వు మొహంతో వచ్చింది. రాత్రి హాయిగా నిద్రపట్టిందట. వాసన పూర్తిగా పోయిందట. మీరే ఏదో చేయించి ఉంటారు, థాంక్స్ అంది. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి, తల బరువుగా ఉందంది. ప్రయాణాల బడలికలెండి అన్నాను. నోటికి ఎంత తేలిగ్గా వచ్చేసిందో.

రిజిస్టరు తెరిచాను. "వాసన" అని రాశాను. పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఎర్ర పెన్ను గుర్తొచ్చింది. "లేదు" అని రాశాను.

సూపర్‌వైజరు చూసి సంబరపడిపోయాడు. లేదు అంటే మెషీను అక్కర్లేదు. లాడ్జి యజమాని నీళ్ళు పారట్లేదని వారం నుంచి పోరు పెడుతున్నాడు, తూములో చువ్వల జాలీకి చెత్త పట్టేసిందని. వెంటనే బావ పేరున చీటీ రాసి నా ముందు పడేశాడు.

పదింటికి బావ వచ్చాడు. పాపం, తుమ్ముకుంటూ వచ్చాడు. రెండు రోజుల నుంచి జలుబు, ముక్కులు రెండూ దిబ్బడేసిపోయాయి. పొద్దున అక్క కూర మాడ్చేసినా తెలియక రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడట. పైన మోకు పట్టుకునే జోడీ పొడుం మామ. ఆయన ముక్కుకి నలభై ఏళ్ళుగా ముక్కుపొడుం తప్ప ఇంకో లోకం తెలీదు.

బావ చీటీ చదివాడు. "ఇది నువ్వు రాసిన మాటేనా?"

"నేను రాసిందే. సారు చీటీ మీదకి ఎక్కించారు."

"అయితే సరే. ఇవాళ నా ముక్కుకి సెలవు. నీ ముక్కుతోనే దిగుతున్నా."

"నా ముక్కు నీ ముక్కంత పొడుగు కాదు బావా, అడుగు దాకా అందుతుందో లేదో" అన్నాను.

నవ్వి, పెద్దగా చీది, వెళ్ళిపోయాడు.

అరగంట గడిచింది. టీచరమ్మ పడవ టిక్కెట్టు కోసం మళ్ళీ వచ్చి బెంచీ మీద కూర్చుంది. అప్పుడే ఊడ్చే మనిషి ఫినాయిలు బకెట్టు తన్నేసింది. సీసాడు ఫినాయిలు గదంతా పారింది. లైన్లో ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకుని వీధిలోకి పరిగెత్తారు. నాకు కళ్ళ వెంట నీళ్ళు. టీచరమ్మ మాత్రం కదల్లేదు. కాళ్ళ కింద తెల్లటి నీళ్ళు పారుతుంటే చుట్టూ చూసి మెచ్చుకోలుగా అంది:

"మీ ఆఫీసు ఎంత శుభ్రంగా ఉంచుకుంటారో. ఏ వాసనా లేదు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

కాలవ బాగుపడలేదు. ఈవిడ ముక్కు చచ్చిపోయింది. గుడ్డు కంపు పోలేదు, ఆ గదిలో ఉంది, ఆ గది కింద తూములో పదింతలుంది. నా రాతని నమ్ముకుని, పని చెయ్యని ముక్కుతో, బావ అందులోకి దిగుతున్నాడు.

బావకి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తట్లేదు. దిగేముందు ఫోన్ తీసి పడవలో రేకు డబ్బాలో పెడతాడు, నాకు తెలుసు. పొడుం మామకి ఫోనే లేదు. సూపర్‌వైజరు మీటింగులో ఉన్నాడు. తలుపు తోసి చెప్పాను. మీటింగ్ అయ్యాక చూద్దామన్నట్టు చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంటుంది.

"మీరు ఆ గదికి పోవద్దు. నేనొచ్చేదాకా వీధిలో కూర్చోండి" అని టీచరమ్మని బయటికి లాగేసి పరిగెత్తాను.

మూడు వంతెనలు దాటాలి. మామూలుగా నడిస్తే పావుగంట. మొదటి వంతెన మీద ఒక గుంపు వరసగా నిలబడి ఫోటో తీయించుకుంటోంది. మధ్యలోంచి దూరాను, ఎవరో తిట్టారు. రెండో వంతెన మీద చెప్పు తెగింది, రెండోది కూడా వదిలేశాను. కాలవ కంపు గుప్పుగుప్పుమని కొడుతోంది. జన్మలో మొదటిసారి ఆ కంపుకి దణ్ణం పెట్టుకున్నాను. కొడుతోందంటే నా ముక్కు పనిచేస్తోంది. ఒకటే లెక్క నడుస్తోంది బుర్రలో. ఆ తూముకి నిచ్చెన మెట్లు పద్నాలుగు. బావ నిదానంగా దిగుతాడు. మెట్టుమెట్టుకీ ఆగి మోకు సర్దుకుంటాడు. సర్దుకో బావా, ఇంకోసారి సర్దుకో. పడవలో చేరేసరికి ఆలస్యమై ఉంటుంది. పొడుం మామ పొడుం డబ్బా వెతుక్కుంటూ ఉంటాడు. వెతుక్కోనీ, దొరక్కుండా పోనీ.

దొరికేసినట్టుంది. లాడ్జి వెనక సందులోకి తిరిగేసరికి మూత తెరిచి ఉంది. పొడుం మామ మోకు నడుముకి చుట్టుకుని నిలబడ్డాడు. బావ లేడు. తూము నోట్లోంచి గుడ్డు కంపు మొహాన కొట్టింది.

"ఎన్ని మెట్లు దిగాడు మామా?"

"ఏడెనిమిది అయ్యుంటాయి. ఏం, అంత ఆయాసం..."

నేను తూము అంచున బోర్లా పడి, తల పెట్టి అరిచాను. ప్రమాదం అని అరవలేదు, గాలి అనలేదు. మా వాళ్ళకి తెలిసిన మాటే అరిచాను.

"బావా, పోయింది. లేదు కాదు, పోయింది."

కింద చీకట్లో టోపీ దీపం ఆగింది. ఒక్క ప్రశ్న రాలేదు. ఏంటని, ఎందుకని అడగలేదు. దీపం పైకి తిరిగింది. ఒక మెట్టు ఎక్కాడు. రెండు. మూడో మెట్టు మీద దీపం పక్కకి వాలిపోయింది.

పొడుం మామ అప్పటికే మోకు బిగించేశాడు. అరవై ఏళ్ళ మనిషి, ఆ బలం ఎక్కడిదో. నేనూ పట్టుకున్నాను. అరచేతుల్లో తోలు లేచిపోయింది. బావ బరువంతా మోకు మీదే ఉంది, కాళ్ళు మెట్లకి కొట్టుకుంటున్న చప్పుడు వినపడుతోంది. మాట లేదు. నేను పిలుస్తూనే ఉన్నాను. తల బయటికి వచ్చింది, భుజాలొచ్చాయి. సందు చివర గాలి తగిలే చోటికి ఈడ్చాం. మొహం పాలిపోయింది. ఎంతసేపని చెప్పను, గడియారం చూసేదెవరు. తర్వాత ఒక్కసారిగా దగ్గి, పొద్దున తిన్న మాడు కూరంతా కక్కాడు.

పొడుం మామ మూత మూసేసి, దాని మీదే కూలబడ్డాడు. డబ్బా తీసి, పొడుమంతా ఒలకబోసుకున్నాడు.

ఆసుపత్రి పడవ వచ్చేలోపు బావ కళ్ళు తెరిచి నన్నే చూశాడు. గొంతు బొంగురుపోయింది.

"ఏ మాట రాశావు?"

"లేదు అని రాశాను బావా. పోయింది అని రాయాల్సింది. సారు కొట్టేస్తాడని..."

తిట్టినా బాగుండేది. నా చెప్పుల్లేని కాళ్ళ వైపు చూసి, "నీ ముక్కు పొడుగుదే" అన్నాడు.

టీచరమ్మకీ ఆసుపత్రిలో రెండు రోజులు గాలి పెట్టారు. బావ వారానికి ఇంటికొచ్చాడు. జలుబు తగ్గింది గానీ, కూర మాడినా తెలియట్లేదు. డాక్టరు నెమ్మదిగా రావచ్చు అన్నాడు, రాకపోవచ్చు అని కూడా అన్నాడు. అక్క రోజూ ఏదో ఒకటి మాడ్చి, ఏం చెప్పకుండా ముందు పెట్టి, మొహంలోకి చూస్తుంది. ఆయన తినేస్తాడు. అక్క వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

బావని పైకి లాగిన మర్నాడే రిజిస్టర్లో "లేదు" కొట్టేసి, అరచేతి కట్టుతోనే, పేజీ సగం పట్టేంత అక్షరాలతో "పోయింది" అని రాశాను. సూపర్‌వైజరు ఎర్ర పెన్ను తీశాడు. తూముల్లో దిగేవాళ్ళు పద్దెనిమిది మంది ఆ పొద్దున పనికి దిగకుండా నా కౌంటరు ముందు నిలబడి ఉన్నారు. ముక్కున వేలేసుకుని చూసే రకం కాదు వాళ్ళు. ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడు గానీ పారెయ్యలేదు. మెషీను ఇంకా రిపేరులోనే ఉంది. అది వచ్చేదాకా తూముల్లోకి ఎవరూ దిగరని అందరం సంతకాలు పెట్టిచ్చాం. పనిలోంచి తీసేస్తారంటున్నారు. తీస్తే తీయనీ.

గోడ మీద కాగితం చింపేశాను. ఇప్పుడు అడిగినవాళ్ళకి నోటితోనే చెబుతున్నాను. నిన్న ఒకాయన చంటిపిల్లనెత్తుకుని, ముక్కు మూసుకుని వచ్చాడు.

"ఈ కంపుకి మేం భయపడాలా అమ్మా?"

"వీధిలో కొడుతున్నంతసేపు భయం లేదు. గదిలో కొడితే గది మారండి. కొట్టడం ఆగిపోతే ముందు బయటికి రండి, ఆ తర్వాత నాకు చెప్పండి."

ఆయన వెళ్ళిపోయాక కౌంటరు కింద పెట్టుకున్న ఉల్లిపాయ చెక్క తీసి వాసన చూసుకున్నాను. గంటకోసారి చూసుకుంటాను. మధ్యాహ్నానికి అది ఎండిపోయి ఘాటు తగ్గుతుంది. తగ్గింది ఉల్లిపాయకా, నాకా అని తేల్చుకోలేను. అప్పుడు ఇంకోటి కోస్తాను.