గోడల్లేని లాండ్రీ

మేనేజరు కత్తెరతో తాడు తెంపాడు. తాడుకి వేలాడుతున్న దుప్పటి నేలమీద పడింది. దాని చాటున బట్టలు మడతపెడుతున్న వదిన ఒక్కసారిగా ట్యూబులైట్ల వెలుతుర్లో బయటపడింది. చెవులు రెండు చేతులతో మూసుకుని బల్ల కిందికి దూరి ముడుచుకుపోయింది.

"ఇది లాండ్రీనా, డేరాల కంపెనీనా?" అన్నాడు మేనేజరు. "నా గాజుగదిలోంచి చూస్తే ప్రతి మనిషీ కనబడాలి. గోడల్లేకుండా కట్టించింది అందుకే."

కొందరు నవ్వారు. వదిన కోసం ఆ దుప్పటి కట్టిన కొత్తకోడలికి ఆ నవ్వు చెంపమీద కొట్టినట్టయింది.

పెళ్ళయి ఇంకా ఆర్నెల్లు కాలేదు ఆమెకి. డిగ్రీ చదివినా దొరికిన పని ఇదే. అయినా ఆ ఇంటికి వచ్చినప్పట్నుంచీ ఆమెకి అన్నీ ముచ్చటగానే ఉండేవి. డ్రయ్యర్లోంచి తీసిన వేడి దుప్పటిలో మొహం దాచుకోవడం ముచ్చట. బాయిలరు గది కిటికీలోంచి మొగుడు ముక్కుమీద మసితో వెక్కిరించడం ముచ్చట. అతని అక్క, ఈ వదిన అయితే మరీను. వదిన ఎవరి మొహంలోకీ చూడదు, మాట్లాడేది తక్కువ. కానీ కొత్తకోడలు వచ్చిన మర్నాడే ఆమె పెట్టె తెరిచి, బట్టలన్నీ రంగుల వరసలో సర్దిపెట్టింది. ఇంట్లోకి రమ్మని పిలవడానికి వదినకి వచ్చిన పద్ధతి అది.

ఆమెకి ఆటిజం అని చిన్నప్పుడే డాక్టరు చెప్పాడు. పాత లాండ్రీలో ఆ సంగతి ఎవరికీ గుర్తుకు వచ్చేది కాదు. చెక్క అడ్డుగోడలు, తక్కువ ఎత్తు కప్పు, మడతలకి వేరే గది. వదిన కూనిరాగం తీస్తూ పని చేసుకునేది. కొత్త బిల్డింగుకి రేకుల కప్పు, గోడల నిండా తెల్ల పలకలు. ప్రతి మెషినుకీ ఒక బజరు. మోగిన చప్పుడు మోగినట్టే తిరిగొచ్చి తలమీద పడుతుంది. వదిన కూనిరాగం ఆగిపోయింది. ఇంటికొచ్చి చీకట్లో కూర్చునేది, అన్నం ముట్టేది కాదు. ఈ పని పోతే ఆమెని ఏదో హోములో పడెయ్యమని బంధువులు అప్పుడే సలహాలు మొదలుపెట్టారు.

మధ్యాహ్నం వెనక కుళాయి దగ్గర అందరూ చేరినప్పుడు కొత్తకోడలు అడిగింది. మడత బల్లల చుట్టూ చెక్క గోడ కట్టమందాం, బజర్లు తీసేసి దీపాలు పెట్టమందాం అంది. ఒక్క మనిషి కోసం గొడవేమిటన్నారు. మేనేజరు కొత్తవాళ్ళని తెచ్చుకుంటే గతేమిటన్నారు. అందరికంటే పెద్దది ఇస్త్రీ చేసే ముసలామె, అందరూ ఇస్త్రీ అత్త అంటారు. ఆమే అందరికంటే గట్టిగా అడ్డుపడింది.

"మీ ఇంటి గొడవ ఇంట్లో చూసుకో అమ్మాయ్. మా కడుపుల మీదికి తేకు."

"ఒక్క మనిషి కాదులే అత్తా" అంది ఉతుకుడు పనివాళ్ళలో ఒకామె. "ఇంటికెళ్ళినా నా చెవిలో బజరే. మా ఆయన నోరు తెరిస్తే ఆపడానికి స్విచ్చి వెతుక్కుంటున్నా."

అందరూ పడిపడి నవ్వారు. నవ్వు ఆగాక ఒకరు తలనొప్పి మాత్రల మాట ఎత్తారు, ఇంకొకరు నిద్ర పట్టడంలేదన్నారు. అయినా ఏమీ తేలకుండానే లేచి లోపలికి పోయారు.

ఆ పూటే మేనేజరు, కళ్ళెదుట ఉంటుందని వదినని తడిబట్టల బండికి మార్చాడు. ఆ బండి వాలు మీంచి దించాలి. సగం దించేసరికి వరసగా బజర్లన్నీ మోగాయి. వదిన చేతులు చెవుల మీదికి పోయాయి. వదిలేసిన బండి దొర్లుకుంటూ వెళ్ళి ఇస్త్రీ అత్త కాలుని గోడకేసి నొక్కేసింది. ఎముక విరిగిన చప్పుడు ఆ రొదలో కూడా వినిపించింది.

"చెప్పానా, పిచ్చిది" అన్నాడు మేనేజరు. "పట్టుకోండి. పోలీసులకి అప్పజెప్పండి."

వాచ్‌మెన్లు రెక్కలు పట్టుకునేసరికి వదిన గొంతు చించుకుంది. అత్త నేలమీదే ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వదలండిరా దాన్ని" అంది. "నన్ను గుద్దింది అది కాదు. ఈ వాలు కట్టినవాడు, ఆ బజరు పెట్టినవాడు. బజరు మోగితే మనం పళ్ళు బిగబట్టి ఊరుకున్నాం. అది ఊరుకోలేకపోయింది. అంతే తేడా. మెయిను స్విచ్చి కట్టెయ్యండే."

ఎవరు కట్టారో తెలీదు. మెషిన్లు ఒక్కొక్కటే మూలిగి ఆగాయి. కొత్తకోడలు బాయిలరు గది కిటికీవైపు చెయ్యి ఊపింది. మొగుడు ఆవిరి ఆపేశాడు. ఆ హాలు కట్టిన తర్వాత మొదటిసారి, నీటిచుక్క పడితే వినబడింది. వాచ్‌మెన్ల చేతులు వాటంతట అవే సడలాయి. వదిన మెల్లగా చెవుల మీంచి చేతులు తీసింది. ఒక పొడి దుప్పటి మడతపెట్టి అత్త తలకింద పెట్టింది. అత్తని బట్టల వ్యాన్లో ఆస్పత్రికి పంపారు.

మేనేజరు గొంతు మెత్తబడింది. వదిన ఒక్కతే బయటికి పోతే చాలు, మిగతా అందరికీ ఉద్యోగాలు పదిలమన్నాడు. మధ్యాహ్నం నవ్వించిన ఆమె మెషిను పక్కన నేలమీద చతికిలబడింది. పక్కామె కూర్చుంది. తర్వాత వరసంతా కూర్చుంది.

"గోడ లేచేదాకా మేం లేవం" అంది కొత్తకోడలు. ఆ మాట గాజుగది దాకా వినబడింది.

పోలీసులు వచ్చారు. మెషిన్లు తిప్పమన్నారు. ఎవరూ కదల్లేదు. మాట్లాడింది కనక కొత్తకోడల్నీ, ఆవిరి ఆపాడు కనక ఆమె మొగుణ్ణీ వ్యాను ఎక్కించారు. ఎక్కుతూ ఆమె వెనక్కి చూసింది. వదిన చుట్టూ ఆడవాళ్ళు ఆమెకి తగలకుండా, కాస్త దూరం వదిలి కూర్చున్నారు. అలా కూర్చోమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

"పెళ్ళయ్యాక మనిద్దరం కలిసి బండెక్కడం ఇదే మొదలు" అన్నాడు మొగుడు. అతని పెదవి చిట్లి ఉంది. ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఇప్పుడే తిప్పుతార్లే, మీరు లేకపోయినా" అన్నాడు కానిస్టేబులు.

ఆమె వ్యాను గోడకి చెవి ఆనించి వింది. గేటు దాటారు. రోడ్డు మలుపు తిరిగారు. వెనక ఒక్క మెషిను కూడా మోగలేదు.