ఒక కళ్ళజోడు, రెండు కవర్లు

ఎన్నికలు అయిన వారానికి రాష్ట్రమంతా తేలిపోయింది, ఒక్క చోట తప్ప. టీవీలో పెద్ద పటం వేసి, అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నుకునే నియోజకవర్గాల వారీగా మా రాష్ట్ర శాసనసభ సీట్లు చూపిస్తున్నారు. రాజధాని ఉన్న ఒకటో నియోజకవర్గంలో సీట్లన్నీ నీలం. నది పక్కనున్న మూడోదాంట్లో సగం అటూ సగం ఇటూ. కొండలూ గడ్డిభూములూ తప్ప మనుషులు పెద్దగా లేని మా రెండో నియోజకవర్గమంతా ఎరుపే, మధ్యలో క్విన్బీ కౌంటీ అనే ఒక ముక్క మాత్రం బూడిదరంగులో ఉండిపోయింది. సభలో రెండు పార్టీలూ సరిసమానంగా వచ్చి ఆగాయి. ఇక ఆ బూడిద ముక్క ఎటు తిరిగితే సభ అటే. మా కౌంటీ ఎక్కడుందో కూడా తెలియని టీవీ వాళ్ళు పొద్దస్తమానం మా పేరే జపిస్తున్నారు.

ఆ ముక్కలో నిలబడ్డ పిల్ల కొరీన్ టాలివర్, పశువుల డాక్టరు, నీలం పార్టీ. ఎదుటి మనిషి బాయ్డ్ కెస్లర్, గడ్డి మోపుల వ్యాపారి, ఎరుపు పార్టీ. కొరీన్ రెండు ఓట్లు వెనకబడి ఉంది. మా దగ్గర బ్యాలెట్ ఇంట్లోనే నింపి, కవరు మీద సంతకం పెట్టి పంపుతారు; ఆ సంతకాలు కలవలేదని పక్కన పెట్టిన కవర్లు ఇంకా కొన్ని మిగిలాయి. ఆ మనుషులు వచ్చి సంతకం నాదేనని రాసిచ్చుకుంటే ఓటు చెల్లుతుంది, లేకపోతే మురిగిపోతుంది. అందుకని రెండు పార్టీల వాళ్ళూ తమ తమ మనుషుల కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నారు.

కొరీన్ తల్లి ఆర్లిస్ స్కూలు బస్సు నడుపుతుంది. గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది. ఆమె బస్సులో అల్లరి చేసిన పిల్లలు ఇప్పుడు తాతలవుతున్నా ఆమెను చూస్తే తిన్నగా కూర్చుంటారు. శనివారం పొద్దున ఆమె పెనం మీద గుడ్లు వేసుకుంటుండగా పార్టీ ఆఫీసు నుంచి ప్రెస్కాట్ అనే అతను ఫోన్ చేశాడు.

"ఆర్లిస్ గారూ, మీ ఊళ్ళో నాదీన్ హాడ్లీ అని ఒకావిడ ఉన్నారు. మన పార్టీలో నమోదైన మనిషే. ఆవిడ కవరు ఆపేశారు. మంగళవారం సాయంత్రంలోగా కౌంటీ పంపిన కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి. మీకు తెలుసా ఆవిడ?"

"తెలియకేం. నా తమ్ముడి పెళ్ళాం."

"అయితే ఇంకేం, పని అయిపోయినట్టే!"

"ఏం అయిపోవడం నాయనా. ఆ ఇంటితో నాకు మాటల్లేక రెండేళ్ళయింది."

ఆ మాటలు ఎందుకు పోయాయో ఊరందరికీ తెలుసు. కిందటిసారి కొరీన్ మొదటిసారి నిలబడ్డప్పుడు, ఆర్లిస్ తమ్ముడు మెర్ల్ తన గడ్డిచేలో, సరిగ్గా రోడ్డు పక్కన, కెస్లర్‌కే ఓటెయ్యమనే బోర్డు పాతాడు. సొంత మేనమామ! ఆర్లిస్ బస్సులోంచి చూసింది. రోజుకు రెండుసార్లు ఆ దారినే పోవాలి మరి. ఆ రోజే ఫోన్ చేసి, నీ గడప తొక్కితే ఒట్టు అంది. ఆ ఎన్నికలో కొరీన్ చిత్తుగా ఓడింది, బోర్డు ఉన్నా లేకపోయినా ఓడేదే. అయినా ఆర్లిస్ ఒట్టు ఒట్టే. కొరీన్ మాత్రం మామయ్య ఆవులకు ఈతలు వచ్చినప్పుడు మామూలుగానే వెళ్ళొచ్చేది. "ఆవులకు పార్టీ లేదమ్మా" అనేది.

ఈసారి ఆ చేలో ఏ బోర్డూ లేదు. గాలికి పడిపోయి ఉంటుందిలే అనుకుంది ఆర్లిస్. మా వైపు గాలి అలాంటిది.

గుడ్లు తిని, పికప్ ట్రక్కు తీసింది. నాదీన్ తలుపు తీసి, ఆడపడుచును చూసి, ఒక్క క్షణం బిత్తరపోయి, "లోపలికి రా వదినా, చలి" అంది. వంటగదంతా ఆపిల్ పండ్లు ఉడుకుతున్న వాసన. ఆర్లిస్ కూర్చోకుండానే వచ్చిన పని చెప్పింది.

నాదీన్ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "కౌంటీ నుంచి ఉత్తరం వస్తే నేనూ అదేమిటో అనుకున్నా. ఇప్పుడర్థమైంది! ఎన్నికల ముందు ఆదివారం ఇద్దరం ఈ బల్ల దగ్గరే కూర్చుని బ్యాలెట్లు నింపాం. మీ తమ్ముడు కళ్ళజోడు ట్రాక్టరు కింద తొక్కించుకున్నాడు కదా, నా కళ్ళజోడే ఇద్దరికీ. నేను నింపి ఆయనకిచ్చా, ఆయన నింపి నాకిచ్చారు. సంతకాల దగ్గరికొచ్చేసరికి కళ్ళజోడు ఎవరి దగ్గరుందో, కవరు ఎవరిదో... నా కవరు మీద ఆయన, ఆయన కవరు మీద నేను గీకేశాం!"

ఆర్లిస్‌కు నవ్వు వచ్చింది, కాని రెండేళ్ళ కోపం అడ్డొచ్చి ఆపుకుంది. నాదీన్ కళ్ళజోడు పెట్టుకుని, ఈసారి పేరు రెండుసార్లు చదువుకుని మరీ కౌంటీ పంపిన కాగితం మీద సంతకం పెట్టింది. పెట్టి, కలం అలాగే పట్టుకుని ఆగిపోయింది.

"అయితే వదినా, ఆయనది కూడా ఆపేసే ఉంటారుగా?"

బల్ల చివర దాణా కంపెనీ పుస్తకాల మీద, మెర్ల్ పేరుతో అలాంటి ఉత్తరమే ఉంది, విప్పలేదు. ఆ ఇంట్లో ఒకరి ఉత్తరాలు ఒకరు విప్పరు.

"వాడేడీ?" అంది ఆర్లిస్.

"ఎల్క్ దుప్పుల వేటకు పోయారు. ఇంకెక్కడికి, మీ నాన్న డేరా వేసే చోటికే. గురువారం దాకా రారు. ఫోన్లు అందవు." నాదీన్ ఉత్తరం తీసి బల్ల మీద, ఆడపడుచు ముందు పెట్టింది. "ఆ మంచులో నేను కొండెక్కలేను. దారి నీకు తెలుసు. నీ ఇష్టం. వెళ్ళకపోయినా నేనేమీ అనను, ఆయనకూ చెప్పను."

ఆర్లిస్ రెండు కాగితాలూ తీసుకుని బయటికొచ్చి, ట్రక్కులో కూర్చుని ప్రెస్కాట్‌కు ఫోన్ చేసింది. విషయం విని అతను గొంతు తగ్గించాడు.

"ఆర్లిస్ గారూ, మన ఓటు మనకొచ్చింది. అవతలి మనిషిని వెతికి పట్టుకోవడం అవతలి పార్టీ పని. మీరు తప్పేమీ చెయ్యడం లేదు. ఇంటికెళ్ళి హాయిగా కాఫీ తాగండి."

అతను చెప్పినదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. ఆర్లిస్‌కు కూడా అదే కావాలి. కూతురు గెలవాలని ఆమె ఎంత కోరుకుందో చెప్పలేం. చర్చిలో కూర్చున్నా, బస్సు నడుపుతున్నా అదే ధ్యాస. కొరీన్ రెండేళ్ళు తిరిగింది, మంచులో, బురదలో, ఈనుతున్న ఆవు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కూడా ఓటు అడిగింది. ఇప్పుడు ఆ మెర్ల్ గాడి ఒక్క ఓటు రాకపోతే నష్టమేమిటి? అసలు ఎవరికి తెలుస్తుంది?

తెలియడం సంగతి పక్కన పెడితే, ఆ ఉత్తరం సీటు మీద పడి ఉంది. వాడి పేరు, తమ నాన్న పెట్టిన పేరు, పైకి కనిపిస్తూనే ఉంది. వాడితో మాట్లాడకపోవడం వేరు, వాడి ఓటు మురగబెట్టడం వేరు అనిపించింది ఆమెకు. అనిపించినందుకు ఒళ్ళు మండింది కూడా. "ఛీ, వెధవ బుద్ధి!" అని తనను తానే తిట్టుకుని, ట్రక్కును కొండవైపు తిప్పింది.

దారంతా మంచు గడ్డకట్టింది. చక్రాలకు గొలుసులు కట్టుకుని, పాత బస్సు డ్రైవరు నేర్పుతో నెమ్మదిగా ఎక్కించింది. డేరా దగ్గరికి వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. పొయ్యి చుట్టూ ముగ్గురు మగవాళ్ళు ఉన్నారు, ఎల్క్ మాత్రం ఒక్కటీ లేదు.

"ఓరి దేవుడా, మీ అక్కరా మెర్ల్!" అన్నాడు గస్ అనే పెద్దాయన. "తుపాకులు లోపల పెట్టండి, ఈవిడ మనల్నే వేటాడేట్టుంది."

"నోర్ముయ్ గస్. నీ మనవడు నిన్న బస్సులో చూయింగ్ గమ్ అంటించాడు, ఇంటికెళ్ళి ఆ సంగతి చూసుకో." ఆర్లిస్ తమ్ముడి వైపు తిరిగింది. వాడి గడ్డంలో తెల్లవెంట్రుకలు ఎక్కువయ్యాయి. "ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు, కంగారు పడకు. నీ పెళ్ళాం కవరు మీద నువ్వు సంతకం పెట్టావు, తింగరోడా. ఇదిగో, దీని మీద పెట్టు. మంగళవారంలోగా ఇవ్వకపోతే ఓటు పోతుంది."

మెర్ల్ కాగితాన్నీ, అక్కనూ మార్చి మార్చి చూశాడు. "ఇది చెప్పడానికి ఇంత దూరం వచ్చావా అక్కా?"

"ఆపిల్ పండ్లు అమ్మడానికి వచ్చాను. పెట్టు త్వరగా."

"నేనెవరికి వేశానో నీకు తెలుసా?"

"బోర్డు చూశాగా."

"ఈసారి బోర్డు పెట్టలేదు."

"గాలికి పడిపోయిందనుకున్నా."

మెర్ల్ ఏదో అనబోయి, మిత్రులు వింటున్నారని కాబోలు, ఊరుకున్నాడు. కాగితాన్ని ట్రక్కు వెనక తలుపు మీద పెట్టి కళ్ళు చికిలించాడు. ఆర్లిస్ తన కళ్ళజోడు తీసి వాడి ముక్కు మీద పెట్టింది. "మళ్ళీ తప్పు చోట గీకుతావు" అంది. వాడు సంతకం పెట్టాడు. కాఫీ తాగి వెళ్ళమన్నాడు, చీకటి పడుతుందని ఆమె ఆగలేదు.

సోమవారం పొద్దున బస్సు డ్యూటీ అయ్యాక, కౌంటీ ఆఫీసు కిటికీలో రెండు కాగితాలూ తన చేత్తోనే ఇచ్చింది. ఒకటి తన కూతురికి ఓటు, ఒకటి తన కూతురికి వ్యతిరేకంగా ఓటు. గుమాస్తా పిల్ల రెండింటికీ ఒకేలా ముద్ర కొట్టి, థాంక్స్ అంది.

బుధవారం లెక్క ముగిసింది. మిగతా కవర్లలో ఒకటి అటు, ఒకటి ఇటు పడుతూ వచ్చి, చివరికి కొరీన్ ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయింది. టీవీలో బూడిద ముక్క ఎర్రబడింది. ప్రెస్కాట్ ఫోన్ చేసి, ఆ ఒక్క ఓటూ లేకపోతే సమానమై చీటీలు తీసేవాళ్ళని, సభ మన చేతికి రావడానికి సగం అవకాశం ఉండేదని చెప్పాడు. చెప్పనవసరం లేదు, ఆర్లిస్‌కు లెక్క వచ్చు.

ఆ సాయంత్రం కొరీన్ పెరట్లో బూట్లు కడుక్కుంటుంటే తల్లి వెళ్ళి జరిగినదంతా చెప్పేసింది. దాచిపెట్టుకోవడం ఆమెకు చేతకాదు.

కొరీన్ నీళ్ళ గొట్టం కట్టేసింది. "మామయ్య ఓటు నువ్వే తీసుకెళ్ళి ఇచ్చావా?"

"ఇచ్చాను."

"కొండెక్కి మరీ?"

"ఎక్కి మరీ. చెప్పకుండా ఊరుకోవాల్సిందా?"

కొరీన్ బూటు దులిపింది. "తెలీదమ్మా. ఇవాళ మాత్రం నన్ను అడక్కు" అని, తడి బూట్లే తొడుక్కుని, ఎవరిదో ఆవు ఈనలేకపోతోందని వెళ్ళిపోయింది. ఆ పిల్ల అరిచి ఉంటే బాగుండేది. ఆర్లిస్ ఆ వారమంతా బస్సులో ఒక్క పిల్లవాణ్ణి కూడా కసరలేదు, పిల్లలకు భయం వేసింది. మళ్ళీ లెక్కపెట్టారు. అదే ఒక్క ఓటు.

థాంక్స్‌గివింగ్ పండగ నాడు తల్లీకూతుళ్ళు ఇద్దరే టర్కీ కోడి ముందు కూర్చున్నారు. మాటలు పొడిపొడిగా ఉన్నాయి. తలుపు చప్పుడైంది. నాదీన్ ఆపిల్ పండ్లు పెట్టి కాల్చిన పై పళ్ళెం పట్టుకుని, ఆమె వెనక మెర్ల్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు. ఎవరూ పొమ్మనలేదు కూడా. కొరీన్ లేచి ఇంకో రెండు పళ్ళేలు తెచ్చింది.

మెర్ల్ కూర్చున్నాడు గాని ఫోర్కు ముట్టుకోలేదు. "కొరీన్, నేను నీకు వ్యతిరేకంగా ఓటు వెయ్యలేదమ్మా."

ఆర్లిస్ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏంటీ! దానికే వేశానని అబద్ధం చెప్పడానికి వచ్చావా?"

"తనకూ వెయ్యలేదు, కెస్లర్‌కూ వెయ్యలేదు. ఆ వరస ఖాళీగా వదిలేశాను. మిగతావన్నీ నింపాను, అక్కడికొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. నా పార్టీ నాకు ఒంటబట్టింది, మార్చుకోలేను. కాని నేనెత్తుకు తిరిగిన పిల్లకు వ్యతిరేకంగా ఎట్లా వెయ్యను? కొండ మీదే చెబుదామనుకున్నా. వాళ్ళందరి ముందూ నోరు రాలేదు."

ఆర్లిస్‌కు ముందు గుండెల మీంచి బండ దిగినట్టయింది. తను కొండెక్కినందుకు కూతురు ఓడలేదు. ఎక్కకపోయినా అదే లెక్క, అదే ఒక్క ఓటు. ఆ వెంటనే, ఇంకో సంగతి తట్టి కోపం నషాళానికి ఎక్కింది. ఆ ఖాళీలో వీడు ఒక్క గుండ్రం దిద్ది ఉంటే సమానమయ్యేది!

కొరీన్ అప్పటికే ఆ లెక్క వేసుకుంది. "నాకు వేసి ఉంటే చీటీలు తీసేవాళ్ళు, మామయ్యా."

"తెలుసు తల్లీ. అది తెలిసిన రోజు నుంచి నిద్ర లేదు. అందుకే వచ్చాను. ఏమంటావో అను."

కొరీన్ తల్లి వైపు చూసింది. రెండు వారాల తర్వాత మొదటిసారి తిన్నగా చూసింది. ఆ చూపులో నీ తప్పు కాదనే మాట ఉంది, క్షమించమనే మాట కూడా ఉందనిపించి ఆర్లిస్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత కొరీన్ మామయ్య పళ్ళెంలో టర్కీ తొడ ముక్క వేసింది. "అనడానికి ఇంకో రెండేళ్ళుంది. మళ్ళీ నిలబడుతున్నాను."

మెర్ల్ ముక్క వంక చూస్తూ, "చూద్దాం" అన్నాడు.

"చూద్దామంటే సరా?" ఆర్లిస్ గొంతు బస్సులో గొంతుకు తిరిగి వచ్చింది. గరిటెతో తమ్ముడి ముక్కు వైపు చూపించింది. "చూడ్డానికి ముందు నీకంటూ ఒక కళ్ళజోడు కొనుక్కో. నేను మళ్ళీ ఆ కొండెక్కను."

నాదీన్ పక్కున నవ్వింది. మెర్ల్ తల దించుకుని తినడం మొదలుపెట్టాడు. ఎక్కుతావు అక్కా అని వాడూ అనలేదు, ఎక్కనని ఆమె కూడా రెండోసారి అనలేదు.