వెనక కూర్చున్న మనిషి

"మా ప్రేమకు నోట్ల నాలుకే లేదు వదినా. పదకొండేండ్లల్ల ఒక్కమాట ఎదురు చెప్పలే," అంటోంది మా అత్తగారు మనోరమ, బర్కత్‌పుర నుంచి వచ్చిన చుట్టంతో. నేను ఉప్మా ప్లేట్లు అందిస్తున్నాను. ఆదివారం పన్నెండు మందిమి భోజనానికి వస్తామని ఆ చుట్టం అనగానే, "ఏం ఫికర్ లేదు అత్తమ్మా, ప్రేమ చేసేస్తది," అని మా ఆయన రాఘవేందర్ పేపర్లోంచి తల ఎత్తకుండానే ఒప్పేసుకున్నాడు. ఆదివారం నాకు డ్యూటీ. ఆ సంగతి ఎత్తకుండా చట్నీ వడ్డించి, బాక్సు కట్టుకుని, నారాయణగూడ చౌరస్తాలో ఆగి ఉండే మా అంబులెన్సు దగ్గరికి నడిచి వెళ్లిపోయాను. అత్తగారి మెప్పు నాకు బాగానే అనిపించింది. సిగ్గుచేటే, కానీ అబద్ధం ఎందుకు రాయాలి.

మా పనిలో, తగిలిన దెబ్బ కంటే ముందు అది ఎలా తగిలిందో చూడాలి. పైకి గీతైనా లేని మనిషికి కడుపులో రక్తం కారుతూ ఉండొచ్చు. అందుకే ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, బండి ఎంత వేగంతో వచ్చింది అని అడుగుతాం. హ్యాండిల్ వంగితే పొట్ట చూడాలి, ట్యాంకు సొట్టపోతే తుంటి ఎముక చూడాలి. కొత్తగా చేరినవాళ్లకు తొమ్మిదేళ్లుగా నేనే నేర్పుతున్నాను. నేను నేర్పిందంతా బండి నడిపేవాడి గురించేనన్న సంగతి మాత్రం ఈ వారం దాకా నాకు తట్టలేదు.

ఆ రోజు పది గంటలకు అశోక్ నగర్‌లోని ఒక గల్లీ నుంచి ఫోన్, బండి మీంచి ఒకామె పడిందని. మేం వెళ్లేసరికి బండికి స్టాండు వేసి ఉంది. హెడ్‌లైటు పగల్లేదు, హ్యాండిల్ వంగలేదు. అపార్ట్‌మెంటు మెట్టు మీద ఒకామె కూర్చుని ఉంది. మెడ చుట్టూ, భుజాల చుట్టూ ఎవరిదో కొత్త చున్నీ. మోచేయి గీరుకుపోయింది. పేరు తిమ్మమ్మ అనీ, పాలమూరు నుంచి వచ్చి బిల్డింగు పనులు చేసుకుంటున్నామనీ ఆమె భర్త బీరయ్య చెప్పాడు.

"ఎట్ల పడ్డది?" అని బీరయ్యనే అడిగాను.

"స్లోగనే పోతున్ననక్కా. ఎన్కకెల్లి జారి పడ్డది. ఏం కాలేదంటుంది."

"మెడ నొస్తుందా? తల తిరుగుతుందా?"

"లే లే, మంచిగనే ఉంది. జర పట్టీ కట్టు, పనికి ఆలస్యమైతుంది."

తిమ్మమ్మ అతని వైపు, నా వైపు చూసింది. మాట్లాడలేదు. ఎంత అణకువ గల మనిషి అనుకున్నాను. మెడ చూద్దామని చున్నీ మీద చెయ్యి వేశాను కూడా. పక్కనే నిలబడ్డ ఫ్లాటు ఆమె, మాధురి అట, "మొగోళ్లున్నరు మేడమ్, తియ్యకండి," అంది. నిజంగానే పదిమంది మగవాళ్లు నిలబడి చూస్తున్నారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. బీపీ చూసి, పట్టీ కట్టి, ఆస్పత్రికి రామని బీరయ్య చేత సంతకం పెట్టించుకున్నాను. రోగి మాటలు రాసే గడిలో 'ఏమీ కాలేదని చెప్పింది' అని రాశాను.

ముప్పావు గంటకు బాగ్ లింగంపల్లి నుంచి ఫోన్. కడుతున్న బిల్డింగు ముందు, ఇసుక కుప్ప మీద తిమ్మమ్మ. ఊపిరి పీల్చినప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడు. ఈసారి చున్నీ లాగేశాను. మెడకు అడ్డంగా ఎర్రటి వాత, ఉబ్బిన గొంతు. చీరకు కొంగు లేదు.

"కొంగేది?" అని అరిచాను.

"ఎండకని మెడకు చుట్టుకున్నది. ఎన్క చక్రంల ఇరికింది. ఆ ఫ్లాటామెనే కత్తెరతోని కోసి, చున్నీ కప్పింది," అన్నాడు బీరయ్య ఏడుస్తూ.

అంటే ఆమె జారి పడలేదు. మెడ పట్టి లాగినట్టు చక్రం ఆమెను వెనక్కి లాగింది. మాధురి మంచిదే, సాటి ఆడదాని మానం కాపాడింది. నేను ఒక్కసారి వంగి వెనక చక్రం చూసి ఉంటే చీర పోగులు కనిపించేవి. నేను ముందు భాగమే చూశాను. ఇంకా పెద్ద తప్పు ఒకటి ఉంది. గొంతుకు దెబ్బ తగిలితే మొదట పోయేది మాట. అది నేను పరీక్షలో రాసి పాసైన సంగతే. కానీ ఆడమనిషి మాట్లాడకపోవడం నాకు రోగ లక్షణంలా కనిపించలేదు. మంచి గుణంలా కనిపించింది.

డాక్టర్లు గొంతు దగ్గర కోసి గొట్టం పెట్టారు. ప్రాణం దక్కింది. మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారు. ముప్పావు గంట ముందే తెచ్చి ఉంటే ఎలా ఉండేదని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

నిన్న మా సూపర్‌వైజర్ కిషన్ రావు ఫోన్ చేశారు. "ఎంక్వయిరీ వస్తది ప్రేమా. నువ్వు పరేషాన్ కాకు. ఏం కాలేదని ఆమె నోటితోనే అన్నట్టు నీ కాగితంల ఉంది గద. గదే నిన్ను కాపాడుతది. అట్లనే రిపోర్టు రాసి పంపు."

"సార్ చెప్పినట్టు చెయ్. ఎవరి కోసమో కొలువు పోగొట్టుకుంటవా?" అన్నాడు రాఘవేందర్.

ఈ రోజు కాగితాలు తీసుకుని వార్డుకు వెళ్లాను. నన్ను చూడగానే బీరయ్య లేచి రెండు చేతులూ జోడించాడు. "నువ్వు లేకుంటే సచ్చిపోతుండె అక్కా." ఆ దండం కంటే చెంపదెబ్బ నయం.

"నొప్పి ఉందా?" అని తిమ్మమ్మను అడిగాను.

"లేదక్కా, మంచిగనే..." అని బీరయ్య అందుకున్నాడు.

"నిన్ను కాదు అన్నా, ఆమెను."

మంచం పక్కన కూర్చుని ఆమె మొహంలోకే చూస్తూ ఉన్నాను. అలవాటు కొద్దీ ఆమె భర్త వైపు చూసింది. నేను కదల్లేదు. చాలాసేపటికి నా వైపు తిరిగి, ఉందన్నట్టు తల ఊపింది. కళ్ల చివర నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

"ఆనాడు ఏం కాలేదని ఆమె అన్నదా?" అని బీరయ్యను అడిగాను.

అతను తికమకపడ్డాడు. "అన్లేదక్కా. ఆమె ఎన్నడన్న చెప్తదా? ఆమెది నేనే చెప్త."

వరండాలో బెంచీ మీద కూర్చుని 'ఏమీ కాలేదని చెప్పింది' అన్నది కొట్టేశాను. కొట్టేసినదాని కింద రాసి, సంతకం పెట్టాను:

'ఆ మాట భర్తది. తిమ్మమ్మ గొంతు నేను ఒక్కసారి కూడా వినలేదు. వినలేదన్న సంగతి కూడా గమనించలేదు.'