ఒక్కరోజు ఇంజనీరు

“నీ ఇంజనీరింగ్ సర్టిఫికెట్ యాడ వెట్టినవ్?” అని నరేందర్ అడిగినప్పుడు త్రివేణి మిక్సీలో కొబ్బరి చట్నీ తిప్పుతోంది. మిక్సీ ఆపి మొగుడి మొహం చూసింది. పెళ్లయి పదేళ్లు దాటింది. ఆ కాయితం సంగతి అతని నోటివెంట రావడం ఇదే మొదలు. పెళ్లిచూపులనాడు మాత్రం అత్తగారు కౌసల్యమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “మంచిగనే సదువుకున్నది, రేపు పిల్లలకు ట్యూషన్ ఖర్చు మిగుల్తది” అని సంతోషపడింది.

“ఇప్పుడెందుకు?”

“గా హాస్టళ్ల టెండర్‌కు ఫుల్‌టైమ్ మెకానికల్ ఇంజనీర్ ఉండాల్నట. ఐదేండ్ల అనుభవం గూడ ఉండాల్నట. తమ్ముడు విక్రమ్‌కేమో డిగ్రీ పాసు గాకపాయె. నీ పేరు వెడ్దాం. ఒక దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తయారు జెయ్, నేను సంతకం వెడ్త.” వేలితో ఇంత చట్నీ తీసి నాలుక మీద పెట్టుకుని, ఉప్పు తక్కువైందని కూడా చెప్పి, స్నానానికి వెళ్లిపోయాడు.

ఉప్పు వేసి మళ్లీ మిక్సీ తిప్పింది గానీ ఆ ‘దొంగ’ అన్న మాట చట్నీలో నలగలేదు.

వాళ్లది నాచారంలో చిన్న ఫ్యాక్టరీ. గురుకుల హాస్టళ్లలో వందల మందికి ఆవిరితో వండే పెద్ద పెద్ద స్టీలు గిన్నెలు, వాటి గొట్టాలు తయారుచేసి బిగించి వస్తారు. సర్కారు టెండర్ గెలిస్తేనే పని. ఓనర్ నరేందర్, జనరల్ మేనేజర్ అతని తమ్ముడు విక్రమ్. విక్రమ్‌కు ఏసీ గది ఉంది, తిరిగే కుర్చీ ఉంది, గాజు తలుపు మీద పేరు ఉంది. టెండర్లు రాసే మనిషికి మాత్రం బోడుప్పల్ ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద, ఊరగాయ సీసాల పక్కన ఒక పాత కంప్యూటర్ ఉంది. ఆ మనిషి త్రివేణి.

మొదట్లో విక్రమే రాసేవాడు. రాయడమంటే ఎవరిదో పాత టెండర్ తెచ్చి అందులో పేర్లు మార్చడం. ఒకసారి హాస్టళ్లకు వేసినదాంట్లో ‘మీ ఆస్పత్రి రోగులకు నాణ్యమైన సేవ’ అని అట్లాగే వదిలేశాడు. అక్కడి ఆఫీసులో అందరూ చదువుకుని నవ్వుకున్నారట. ఆ సాయంత్రం నరేందర్ ఇంటికొచ్చి, “ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గదా, జర నువ్వు సూడు” అన్నాడు. ఖాళీ. ఇద్దరు పిల్లల బళ్లు, షుగరున్న అత్తగారికి వేరే వంట, మరిదికి టిఫిన్, వచ్చిపోయే చుట్టాలు, వీటన్నిటి మధ్య వాళ్లకు ఎక్కడ కనబడిందో ఆ ఖాళీ, ఆమెకు ఇప్పటికీ దొరకలేదు.

ఏడేళ్ల కింది మాట అది. అప్పటినుంచి ప్రతి టెండరూ ఆమె చేతిమీదుగానే పోయింది. సర్కారు వాళ్లు పెట్టిన షరతులను ఒక్క ముక్క వదలకుండా చదువుతుంది. గెలవడమంటే మన గొప్పలు చెప్పుకోవడం కాదని, వాళ్లు అడిగింది వాళ్లు అడిగిన వరసలో చెప్పి, రుజువు ఏ పేజీలో ఉందో చూపించడమని ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. గడువు దగ్గర పడ్డాక వాళ్లు చడీచప్పుడు లేకుండా మార్చే షరతులను కనిపెట్టి పట్టుకుంటుంది. గొట్టాల డ్రాయింగులు తనే గీస్తుంది. గెలిచిన ప్రతిసారీ నరేందర్ దోస్తులతో అనే మాట ఒకటే, “పైన మనోళ్లున్నరు.” ఓడిపోతే మాత్రం, “నువ్వే యాడనో తప్పు రాసి ఉంటవ్.” గెలుపు మగాళ్ల పరిచయాలది, ఓటమి ఆడమనిషి చేతిరాతది. ఇన్నేళ్లూ ఆ లెక్క విని ఊరుకున్నందుకు ఇప్పుడు తన మీద తనకే మండింది.

మధ్యాహ్నం అత్తగారు నడుం వాల్చాక కంప్యూటర్ ముందు కూర్చుంది. సర్టిఫికెట్ రాయడం మొదలుపెట్టింది. ఏ ఏ హాస్టళ్లకు డ్రాయింగులు గీసిందో రాసింది. పీర్జాదిగూడ హాస్టల్ వంటశాలకు కొలతలు తీసుకోవడానికి తనే స్కూటీ మీద పోయి వచ్చిన సంగతి రాసింది. ఆవిరి ఒత్తిడి లెక్కలు, గెలిచిన టెండర్లు అన్నీ రాసుకుంటూ పోయింది. రాసి, అబద్ధం ఎక్కడుందా అని మళ్లీ చదివింది. నెల జీతం అన్న గడిలో నరేందర్ చెప్పిన అంకె ఉంది, ఆమె చేతికి ఎన్నడూ రాని అంకె. ఆ గడి ఒక్కటే అబద్ధం. మిగతాదంతా తన ఏడేళ్ల బతుకు. రాత్రి భోజనాల దగ్గర నరేందర్ దాన్ని చదివి, ముసిముసిగా నవ్వుతూ తమ్ముడికి ఇచ్చాడు. “సూడురా, మీ వదిన మస్తు అబద్ధాలు రాసింది. అచ్చం నిజం లెక్కనే ఉన్నయ్.” సంతకం పెట్టాడు, ముద్ర కొట్టాడు, ఇంకో రొట్టె వెయ్యమన్నాడు. ఆ రొట్టె అతని కంచంలో కాకుండా మొహం మీద వెయ్యాలనిపించింది ఆమెకు. కంచంలోనే వేసింది.

టెండర్ మొదటి మెట్టు దాటింది. తరవాత కబురొచ్చింది, చెప్పిన మనుషులు, మిషన్లు నిజంగా ఉన్నాయో లేదో చూడటానికి ఆఫీసర్ ఫ్యాక్టరీకి వస్తాడని. ఇంట్లో ఒకటే హడావుడి. విక్రమ్ గది గాజు తలుపు మీది పేరుకు కాయితం అంటించి, టేబుల్ మీది అతని పేరు పలక తీసేసి, ‘త్రివేణి, చీఫ్ ఇంజనీర్’ అని కొత్త పలక చేయించారు. “ఒక్కరోజే గదా తమ్మీ” అని నరేందర్ తమ్ముణ్ణి బుజ్జగించాడు. కౌసల్యమ్మ కోడలికి కాటన్ చీర తీసిచ్చింది. “గాజులు తక్కువేస్కో. జర ఇంజనీర్ లెక్క కనవడాలె. పోయే ముందల పప్పు, చారు చేసి పో.”

ఆ పొద్దున త్రివేణి పప్పు, చారు చేసి ఇంజనీరయింది.

తనిఖీకి వచ్చిన ఆఫీసర్ పేరు విజయభాస్కర్. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వెల్డింగ్ షెడ్డంతా తిరిగి, మిషన్ల నంబర్లు చూసుకుని, గదిలోకి వచ్చి త్రివేణి ఎదురుగా కూర్చున్నాడు. వెనకే అన్నదమ్ములిద్దరూ వచ్చారు. ఆఫీసర్ ఫైలు తెరిచాడు. నరేందర్ చెమట తుడుచుకుంటూ, ఏళ్ల అలవాటు కొద్దీ అనేశాడు.

“త్రివేణీ, సార్‌కు చాయ్ వెట్టు.”

విజయభాస్కర్ ఫైల్లోంచి తలెత్తాడు. పేరు పలక చూశాడు, ఆమెను చూశాడు, నరేందర్‌ను చూశాడు.

“మీ చీఫ్ ఇంజనీర్ చాయ్ కూడా పెడతారా?” అని మెల్లగా అడిగాడు.

దొంగ పేరు పెట్టారని ఆఫీసర్ రాస్తే టెండర్ పోవడంతో ఆగదు, ఇక ముందు ఏ టెండరూ వెయ్యనివ్వరు, నాచారం షెడ్డుకు తాళం పడుతుంది. అన్నదమ్ములిద్దరూ త్రివేణి వైపే చూశారు. వాళ్లిద్దరూ అట్లా తన నోటిమాట కోసం చూడటం ఆమె ఎన్నడూ ఎరగదు. ఒక్క క్షణం చెప్పేద్దామనిపించింది, ‘అవును సార్, నేను వంటమనిషిని, ఈ పలక నిన్న చేయించిందే’ అని. మంచి శాస్తి జరిగేది. కానీ అట్లా అంటే అబద్ధమవుతుంది. తను ఇంజనీరు కాదనడమే ఈ గదిలో అసలైన అబద్ధం. వాళ్ల మీద కోపంతో తన పనిని తానే కాదనడమా? వాళ్లు కాదన్నది చాలదా?

“విక్రమ్, చాయ్ నువ్వు వట్కరా,” అంది తలెత్తకుండానే. “సార్, గిన్నెల మూతల బొమ్మ ఉన్న పేజీ తియ్యండి.”

విక్రమ్ అన్న వైపు చూశాడు. అన్న కళ్లతోనే పొమ్మన్నాడు. జనరల్ మేనేజర్ చాయ్ పెట్టడానికి వెళ్లాడు.

“ఈ మూత సంగతి ఇంకే కంపెనీ వాళ్లూ రాయలేదు. మీకెట్లా తట్టింది?” అని అడిగాడు విజయభాస్కర్.

తట్టడం కాదని చెప్పింది. పీర్జాదిగూడ హాస్టల్లో శాంతాబాయి అని వంటామె ఉంది. కొలతలు తీస్తున్నప్పుడు ఆమె తన రెండు మణికట్లూ చూపించింది. ఏళ్ల తరబడి మూత లేపినప్పుడల్లా ఆవిరి తగిలి తోలు నల్లగా కమిలిపోయింది. “నువ్వు గూడ ఆడిదానివే గదా బిడ్డా, జర సూడు” అంది. అందుకే మూతకు పక్కన పొడవాటి పిడి పెట్టి, లేపితే ఆవిరి గోడవైపు పోయేట్టు గీసింది. ఆ పేజీ చూసి ఆనాడు నరేందర్, “వంటామె బాధలు టెండర్ల రాస్తరా ఎవలన్న?” అని నవ్వాడు. ఆ ముక్క మాత్రం ఆఫీసర్‌కు చెప్పలేదు.

విజయభాస్కర్ ఒత్తిడి గురించి, రేకు మందం గురించి అడుగుతూ పోయాడు. ఆమె కాయితం మీద గీసి చూపిస్తూ పోయింది. విక్రమ్ తెచ్చిన చాయ్‌లో చక్కెర లేదు. ఆఫీసర్ ఒక గుక్క తాగి పక్కన పెట్టాడు.

“ఇంజనీరు ఉన్నారని రాసుకుంటున్నాను మేడం,” అని లేచాడు. “పనులు జరిగేటప్పుడు కూడా మీరే రావాలి. ఇంకెవరొచ్చినా ఒప్పుకోను.”

నరేందర్ గేటు దాకా సాగనంపి వచ్చాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చింది మనిషికి.

“బచాయించినవ్ పో. ఇగ నువ్వు ఇంటికి నడువ్. రాత్రికి దోస్తులను పిలుస్తున్న, మటన్ పంపిస్త, బగారా వండు.”

విక్రమ్ అప్పటికే టేబుల్ మీంచి పేరు పలక తీసి చంకలో పెట్టుకున్నాడు. “వదినా, జర లేస్తరా. నాకు ఫోన్లు జేసేటియి ఉన్నయ్.”

త్రివేణి లేవలేదు. “ఆ పలక ఆడ వెట్టు విక్రమ్.”

“ఏందే గిది?” అన్నాడు నరేందర్. “ఒక్కరోజుకని చెప్పిన గదా. గదంత ఉత్త కాయితం.”

“సంతకం మీదే. ఫుల్‌టైమ్ అని రాసిచ్చింది మీరే. అండ్ల ఒక్కటే దొంగది ఉన్నది, జీతం. ఈ నెల నుంచి దాన్ని గూడ నిజం చెయ్యున్రి. రేపు పొద్దుగాల ఫ్యాక్టరీ తెరిచేటాల్లకు నేను ఈ కుర్చీల ఉంట.”

నరేందర్ తమ్ముడి మొహం చూశాడు. తమ్ముడు పలక మొహం చూశాడు. కాసేపటికి దాన్ని తెచ్చి టేబుల్ మీద, తీసిన చోటే పెట్టాడు. ఆమె మాట కొట్టేస్తే పనుల దగ్గరికి పంపడానికి ఇంకో ఇంజనీరు లేడని అన్నదమ్ములిద్దరికీ తెలుసు.

“మరి ఇంట్ల వంట ఎవలు జేస్తరు? అమ్మ జేస్తదా?” అన్నాడు నరేందర్ చివరికి.

త్రివేణి కుర్చీని టేబుల్ దగ్గరికి జరుపుకుంది.

“టెండర్ పిలువున్రి,” అంది. “నేనైతే వెయ్య.”