గిలక్కాయ రుచి

"గిలక్కాయ ఎంచడానికి కూడా బి.ఏ. చదవాలా?" అన్నాడు జగన్నాథరావు, దబీర్‌పురాలో ఖరాదు యంత్రం మీద కట్టెబొమ్మలు తీర్చే ఎల్లప్ప దుకాణం ముందు లాంబ్రెటా ఆపుతూ.

ఆయన భార్య శారదాంబ స్కూటరు వెనక సీటు దిగింది. పోయిన నెల ఆయన ఎంచి తెచ్చిన చిలకబొమ్మను వాళ్ళ పది నెలల పాప చప్పరించింది. చప్పరించడం వల్ల నోరు పచ్చబడింది. పచ్చబడ్డ నోరు చూసి అత్తగారు కోటేశ్వరమ్మ, "పసిదానికి విషమెక్కిందర్రా!" అంటూ హుస్సేనీ ఆలంలోని తమ వీధినంతా పోగుచేసింది. వచ్చిన డాక్టరు, "ఈ బొమ్మ ఎవరిచ్చారు?" అని అడిగితే, జగన్నాథరావు ఏమాత్రం తడుముకోకుండా, "వాళ్ళమ్మ" అన్నాడు. పసిపిల్ల లోకాన్ని ముందు నోటితోనే తెలుసుకుంటుందనీ, కాబట్టి ఎంచవలసింది కూడా నోటితోనేననీ శారదాంబ అప్పుడే నిర్ధారణకు వచ్చింది.

అందుకే దుకాణం అరుగు మీద కూర్చుని ఒక్కొక్క గిలక్కాయనూ చెంపకు రాసి, చెవి దగ్గర ఆడించి, చివరకు పంటితో కొరికి చూడసాగింది.

"ఏందమ్మా, జాంపండ్ల లెక్క కొరుకుతున్నవ్?" ఎల్లప్ప నవ్వాడు.

"నా కూతురు చేయబోయే పనే నేను ముందు చేస్తున్నాను. ఇది గరుకుగా ఉంది, ఇంకాస్త నునుపు చెయ్యి."

"శారదా! సూపరింటెండెంటు భార్య బజార్లో కట్టె కొరుకుతోందంటారు. అయినా రంగూ రూపూ లేని ఈ మొండి కట్టెలేమిటి? ఇంటికొచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? ఇదిగో, ఈ ఎర్రది తీసుకో."

"రంగు పోతుందండీ."

"పోదు. నేను చెబుతున్నాగా!"

"సార్, గా రంగు ఇంక ఆరలే..."

"నువ్వాగవయ్యా!" అని జగన్నాథరావు ఆ ఎర్ర గిలక్కాయను నోట్లో పెట్టుకుని గట్టిగా చప్పరించాడు. మొహం కాస్త చేదైనా ఓటమి ఒప్పుకోలేదు. "ఏదీ, పోయిందా?"

పెదవులు, పళ్ళు, మీసం అంచు, అన్నీ పెళ్ళిభోజనం ముగించి తాంబూలం వేసుకున్న పురోహితుడికి మల్లే ఎర్రబడ్డాయి. శారదాంబ ఎల్లప్పను చూసింది.

"నన్ను ఆగమన్నరు గదమ్మా," అని అతను గొణిగి, ఖరాదు వైపు తిరిగాడు.

"రంగు లేనివే ఇవ్వు, ఎల్లప్పా," అందామె.

"ఎవరి మాటా వినవు కదా! నాకు ఆఫీసు టైమైంది." ఆయన స్కూటరెక్కాడు.

పెళ్ళయిన నాటినుంచి ఆయన మీసంలోని మెతుకునూ, తప్పిన గుండీనీ, చెవి వెనక మిగిలిన సబ్బు నురగనూ కనిపెట్టి సరిచేయడం ఆమె ఉద్యోగం. అలాంటి ఉద్యోగం ఒకటుందని ఆయనకు తెలియదు. కిళ్ళీ నమిలి సీట్లో కూర్చున్న గుమాస్తాకు ఆయన మెమో ఇచ్చింది నిన్ననే.

బయలుదేరబోతూ ఆయన అలవాటుగా ముఖం ఆమె వైపు తిప్పాడు.

"బాగున్నారు," అంది శారదాంబ. "వెళ్ళిరండి."